పిప్పిగోరు - మొండిరోగమునకు ఓపికగల చికిత్స

మన్యమున బ్రదుకంతయు పాదములమీదనే సాగును. కొండవాలున సామలు, చోళ్లు విత్తుటకైనను, లోయలోని వరిమడిలో నాటు వేయుటకైనను, కాఫీతోటలో పండ్లు కోయుటకైనను, తలపై మోపుతో సంతకు దిగుటకైనను పాదమే ఆధారము. పండుగనాడు ఒకరినొకరు పట్టుకొని థింసా ఆడునపుడు తాళము వేయునదియు పాదమే. అట్టి పాదమునకు వచ్చు రోగములలో ప్రాణము తీయకపోయినను ప్రాణము విసిగించు రోగ మొకటి కలదు. దానిని జనులు పిప్పిగోరు అందురు. పుచ్చుగోరు అనువారును కలరు. ఈ వ్యాసమున దానిని గూర్చి ముచ్చటింపదలచితిమి.

విశాఖపట్టణమునుండి రోడ్డుమార్గమున ఇంచుమించు 115 కిలోమీటర్లు పోయినచో, తూర్పుకనుమల నడుమ, సముద్రమట్టమునకు 900 మీటర్ల ప్రాంతపు టెత్తున అరకులోయ కనబడును. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది యొక భాగము. బగత, కొండదొర, కొటియ, వాల్మీకి, పొర్జ, గదబ, కోదు మొదలగు తెగలవారు ఈ కొండలలో నివసించుచున్నారు. రెండేండ్ల క్రిందట, వానలు వెనుకబట్టు దినములలో, ఈ ప్రాంతపు సంత యొకదానికి మేము పోయియుంటిమి. అల్లపుగంపల ప్రక్కన ఒక వృద్ధుడు కుడికాలి బొటనవ్రేలికి గుడ్డపేలిక చుట్టుకొని కూర్చుండి యుండెను.

“తాతా, కాలికి దెబ్బ తగిలినదా?” అని మాతో వచ్చిన ఆరోగ్య కార్యకర్తురాలు అడిగినది.

“దెబ్బ కాదమ్మా, గోరు పిప్పిపట్టినది. ఆరేండ్లయినది” అని అతడు పేలిక విప్పి చూపెను.

గోరు పసుపువన్నెకు తిరిగి, మొద్దువలె దళసరియై, అంచున రంపపుపొట్టువంటి పొడి రాల్చుచుండెను. సంతలో దొరకు లేపనములు నాలుగైదు రాచెనట. కిరసనాయిలు పోసెనట. ఒకసారి కొడవలిమొనతో గోటిని పెకలించి వేసెనట. గోరు మరల వచ్చినది. పిప్పియు దానితోనే వచ్చినది.

“అది యొక యెత్తు తల్లీ. ఇది పెద్దరోగమేమోనని ఇంటిలో నా పళ్లెము వేరు చేసినారు. మనుమడు నా ప్రక్కన పండుకొనుట మానినాడు” అని అతడు తలవంచుకొనెను.

ఆ మాట విన్న పిమ్మట పిప్పిగోరు అల్పవిషయమని మేము అనుకొనలేకపోతిమి. ఈ రోగమేమో, ఏది కాదో, ఎట్లు కుదురునో తెలియకపోవుటవలన ఒక ముసలివాని కంచము వేరైనది. కావున విషయమును మొదటినుండి వివరింతుము.

గోరు పెరుగు విధము

గోరు కెరటిన్ అను గట్టి పదార్థముతో నైనది. వెండ్రుకయు, పశువుల కొమ్ములును, గిట్టలును దానితోనే యైనవి. మనకు కనబడు గోటిలో జీవము లేదు, రక్తము లేదు. అందుచేతనే గోరు తీసికొనునపుడు నొప్పి కలుగదు. గోటిమొదట, చర్మము క్రింద దాగి, గోటిమూలము కలదు. జీవమున్న దచట. క్రొత్తగోరు అచటనే తయారై, పాతదానిని ముందుకు నెట్టుచుండును.

చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. కాలిగోరు అందులో సగమే, అనగా సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రము పెరుగును. మన రైతులకు తెలిసిన కొలతలో చెప్పవలెనన్న అది నెలకొక చోడిగింజ వెడల్పు. ఈ నడకతో కాలి బొటనవ్రేలిగోరు మొదలునుండి కొనవరకు పూర్తిగా మారుటకు 12 మొదలు 18 నెలలు పట్టును. వయస్సు ముదిరినకొలదియు, కాలికి రక్తప్రసారము తగ్గినకొలదియు ఇంకను ఆలస్యమగును. ఈ లెక్కను పాఠకులు మరువరాదు. పిప్పిగోటి మొండితనమున కది ముఖ్యకారణము.

రోగకారకమేది?

వానకు తడిసిన మ్రానుపై మొలచు కుక్కగొడుగును, నిలువ రొట్టెపై కట్టు బూజును అందరును చూచియే యుందురు. ఇవి శిలీంధ్రములను జాతికి చెందినవి. ఈ జాతిలో అందరును శత్రువులు కారు. పెన్సిలిన్ మందును మానవునకు ప్రసాదించినది ఒక బూజే. కాని పైరులను పాడుచేయు శిలీంధ్రములు అనేకములు. వరికి వచ్చు అగ్గితెగులు అట్టిది. అరకు కాఫీరైతు ఆకు వెనుక నారింజవన్నె పొడిని చూచి తుప్పుతెగులని గుర్తించును. అదియు శిలీంధ్రమే. అట్లే కెరటినును తిని బ్రదుకు శిలీంధ్రములు కొన్ని కలవు. అవి చర్మమున ప్రవేశించినచో తామర, గోటిలో ప్రవేశించినచో పిప్పిగోరు.

కాలిగోళ్లను పాడుచేయువానిలో ముఖ్యమైనది ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అను శిలీంధ్రము. సింహళద్వీపమున పనిచేసిన కాస్టెల్లానీ అను ఇటలీ దేశపు వైద్యుడు 1910లో దీనిని వర్ణించెను. ఇది మొదట ఆగ్నేయాసియా ప్రాంతముదనియు, సైనికుల వెంటను, ప్రయాణికుల వెంటను ప్రపంచమంతటను వ్యాపించినదనియు పండితులు పలువురు భావింతురు. ఉత్తకాళ్లతో తిరుగు దేశములలో ఇది యెక్కువగా ఒంటిపై తామరగా నుండెడిదనియు, నిత్యము బూట్లు తొడుగు దేశములకు పోయి పాదమున స్థిరపడినదనియు వారు చెప్పుదురు. బూటులోని చీకటి, చెమట, వెచ్చదనము దానికి మిక్కిలి అనుకూలము. ఇంతమాత్రమున చెప్పులు, బూట్లు చెడ్డవని అనుకొనరాదు. ముల్లునుండి, పామునుండి, మట్టిలోని కొంకిపురుగునుండి పాదరక్షలు మనలను కాపాడును. వానిని ఆరబెట్టక తొడుగుటయే తప్పు.

రోగము సాధారణముగా గోటితో ఆరంభము కాదు. మొదట కాలివ్రేళ్ల సందులు నాని, తెల్లబడి, పగిలి, దురద పుట్టును. నాట్లకాలమున ఇది పలువురకు కలుగును, అశ్రద్ధ చేయుదురు. అచట నెలకొన్న శిలీంధ్రము అదనుచూచి గోటి కొన క్రిందకు ప్రాకును. రాయి తగిలి గోరు పైకి లేచినను, ఇరుకైన బూటు అదిమినను దారి దొరకును. అక్కడినుండి మెల్లమెల్లగా గోటిమూలమువైపు నడచును. గోరు తెల్లగానో, పసుపుగానో, గోధుమవన్నెగానో మారును. క్రింద పొడి పేరుకొని గోరు పైకి లేచును. తుదకు గోరంతయు పిప్పియై విరిగిపోవును.

చేతిగోళ్ల సంగతి కొంత వేరు. అంట్లు తోముచు, బట్టలు ఉదుకుచు దినమంతయు నీళ్లలో చేతులుంచు స్త్రీలకు గోటిచుట్టు చర్మము ఉబ్బి, కాండిడా అను వేరొక శిలీంధ్రము చేరవచ్చును. దాని చికిత్సలో చేతులను పొడిగా నుంచుటయే సగము మందు.

చిన్నపిల్లలకు పిప్పిగోరు అరుదు. పిల్లవానికి వచ్చినదన్న ఇంటిలో పెద్దల కాళ్లను గూడ పరీక్షింపవలెను.

చెడిన గోళ్లన్నియు పిప్పిగోళ్లు కావు

ఇది మిక్కిలి ముఖ్యము. రూపము చెడిన గోళ్లతో వైద్యునియొద్దకు వచ్చువారిలో ఇంచుమించు సగముమందికే శిలీంధ్రము కారణమని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మిగిలినవారికి కారణములు వేరు. పలుమార్లు రాళ్లు తగులుటచేత గోరు మొద్దుబారవచ్చును. సొరియాసిస్ అను చర్మరోగము గోటిపై గుంటలు పెట్టి, పిప్పిగోటివలెనే కనబడును. దెబ్బ తగిలి గోటిక్రింద రక్తము గడ్డకట్టిన నల్లబడును. ఏ దెబ్బయు లేకుండ గోటిపై నల్లని చార పుట్టి వెడల్పగుచున్నచో అది కంతిరోగము కావచ్చును గాన జాగుచేయక వైద్యునికి చూపవలెను.

కావున మందునకు ముందు పరీక్ష. ఇది కష్టమైనది కాదు. గోటి ముక్కను, దాని క్రింది పొడిని తీసి పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణములో నానబెట్టి సూక్ష్మదర్శినిలో చూతురు. శిలీంధ్రపు దారములు కొమ్మలు కొమ్మలుగా కనబడును. ఏ జాతి శిలీంధ్రమో తెలియుటకు దానిని పోషకపదార్థముపై పెంచుదురు. ఫ్రాన్సుదేశపు వైద్యుడు సాబురో పేరిట ఆ పదార్థము నేటికిని పిలువబడుచున్నది. దానిపై శిలీంధ్రము పెరుగుటకు మూడునాలుగు వారములు పట్టవచ్చును. పరీక్షకు ముందు కొంతకాలము గోటికి ఏ లేపనమును పూయరాదు. పూసినచో రోగమున్నను లేనట్లు తోచవచ్చును.

ఇక పెద్దరోగమను భయము సంగతి. కుష్ఠువ్యాధి లక్షణము గోటిపిప్పి కాదు. చర్మముపై పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ పుట్టి, ఆ మచ్చపై స్పర్శ తెలియకపోవుట దాని ముఖ్యలక్షణము. చేతులు, కాళ్లు మొద్దుబారుట మరియొక లక్షణము. స్పర్శ చక్కగా నుండి, గోరు మాత్రము పిప్పిపట్టినచో సాధారణముగా అది కుష్ఠువు కాదు. సందేహమున్నచో పరీక్ష చేయించుకొనిన తీరిపోవును. ఒకవేళ కుష్ఠువే అయినను కంచము వేరుచేయవలసిన పనిలేదు. దానికి పలు మందులను కలిపి యిచ్చు చికిత్స ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా లభించును. రోగపు తరగతినిబట్టి 6 నెలలు లేక 12 నెలలు వాడిన నయమగును. మందు ఆరంభించిన కొలది దినములలోనే ఆ రోగి ఇతరులకు రోగమంటించు శక్తిని కోల్పోవును.

ఇంత మొండితన మేల?

కాఫీరైతు నడిగిన ఈ ప్రశ్నకు సులభముగా సమాధానము చెప్పును. తుప్పుతెగులు పట్టిన ఆకుపై మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డోమిశ్రమమును చల్లినంతమాత్రమున ఆ ఆకు మరల పచ్చబడదు. మచ్చ మచ్చగనే యుండును. మందు చేయు పని తెగులు క్రొత్త ఆకునకు ప్రాకకుండ కాచుట. క్రొత్త ఆకులు శుభ్రముగా వచ్చి, పాతవి రాలిన పిదపనే చెట్టు బాగుపడినదని రైతు చెప్పును. ఒకమారు చల్లి, మరునాడు ఆకు చూచి, “మందు పనిచేయలేదు” అని ఏ రైతును అనడు.

గోటి విషయమును సరిగా ఇట్టిదే. చెడిన గోరు బాగుపడదు. మందు గోటిమూలమును కాపాడిన, అచటినుండి మంచిగోరు బయలుదేరి, చెడ్డదానిని నెలకొక చోడిగింజ చొప్పున ముందుకు త్రోయును. మూడువారములు మందు వాడి, గోరు అట్లేయున్నదని మానివేయువారు పలువురు. వారు ఓడినది రోగమునకు కాదు, తొందరకు.

రెండవ కారణము, గోరు రోగకారకమునకు కోటవంటిది. పైన పూసిన లేపనము చర్మమున ఇంకినట్లు గోటిలో ఇంకదు. అందుచేతనే తామరను పోగొట్టు లేపనము గోటియొద్ద ఓడిపోవును.

మూడవ కారణము, శత్రువు మన యింటిలోనే యుండుట. పాత బూటులో, మేజోళ్లలో, వ్రేళ్లసందులలో శిలీంధ్రపు బీజములు నిలిచియుండి, బాగుపడిన గోటిని మరల పట్టుకొనును.

చికిత్సావిధానము

బూజునుండి వచ్చు రోగమునకు మొదటి మంచి మాత్ర బూజునుండియే లభించుట ఒక వింత. గ్రిసియోఫుల్విన్ అను పదార్థమును 1939లో ఒక బూజునుండి వేరుచేసిరి. లోపలికి ఇచ్చిన అది తామరను పోగొట్టునని 1958లో జెంటిల్స్ అను శాస్త్రజ్ఞుడు గినీపందులపై ప్రయోగించి నిరూపించెను. అంతకుముందు గోటిని ఊడబెరుకుటయే గతిగా నుండెను. అయినను కాలిగోటికి గ్రిసియోఫుల్విన్ ఏడాదికి పైగా మ్రింగవలసి వచ్చెడిది, ఫలితము కొలదియే. తరువాత వచ్చిన టెర్బినాఫిన్, ఇట్రాకొనజోల్ అను మందులు కాలమును తగ్గించినవి.

నేడు ఎక్కువగా వాడునది టెర్బినాఫిన్. పెద్దవారికి సాధారణముగా దినమునకు 250 మిల్లీగ్రాముల మాత్ర యొకటి. చేతిగోటికి 6 వారములు, కాలిగోటికి 12 వారములు. మాత్రలు ముగిసిననాటికి గోరు ఇంకను వికారముగనే యుండును. దానికి దిగులుపడరాదు. మందు గోటిలో చేరి, మాత్రలు ఆపిన పిదప గూడ కొన్ని నెలలు అచట నిలిచి పనిచేయును. ఇట్రాకొనజోల్‌ను నెలకొక వారము చొప్పున వాడి, తక్కిన మూడువారములు విరామమిచ్చు పద్ధతియు కలదు.

ఈ మాత్రలను అంగడిలో అడిగి కొని మ్రింగరాదు. వీనివలన కొందరికి కాలేయము దెబ్బతినవచ్చును గాన, ముందుగా రక్తపరీక్ష అవసరమగును. కామెర్లు వచ్చినవారు, నిత్యము సారా త్రాగువారు, మూత్రపిండముల జబ్బు గలవారు ఆ సంగతి దాచరాదు. గుండె బలహీనమైనవారికి ఇట్రాకొనజోల్ తగదు. గర్భిణీస్త్రీలు, పాలిచ్చు తల్లులు ఈ చికిత్సను వాయిదావేయుటయే మేలు; గోటికై తొందరపడనక్కరలేదు. క్షయరోగమునకు రిఫాంపిసిన్ వాడుచున్నవారిలో ఈ మందుల బలము తగ్గిపోవును. కావున ఏయే మందులు వాడుచున్నారో ఆ చీటీలన్నియు వైద్యునికి చూపవలెను. మాత్రలు వాడునపుడు కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగైనను, ఆకలి చచ్చినను, ఒంటిపై దద్దురులు లేచినను మాత్రలాపి వెంటనే వైద్యశాలకు పోవలెను.

రోగము గోటి కొనయందే యుండి, మూలమునకు పోనిచో మాత్రలు లేకుండ గోటిరంగువలె పూయు మందులతో ప్రయత్నింపవచ్చును. అమొరాల్ఫిన్ అనుదానిని వారమునకు ఒకటి రెండుమారులు, సైక్లోపిరాక్స్ అనుదానిని ప్రతిదినము పూయుదురు. వీనికి ఇంచుమించు సంవత్సరము పట్టును. గోరు మిక్కిలి మొద్దైనచో నూటికి 40 పాళ్లు యూరియా గల లేపనముతో దానిని మెత్తబరచి, నొప్పిలేకుండ తొలగింతురు. ఇది పొలమున చల్లు యూరియాతో ఇంటిలో చేయుపని కాదు.

నిజమును దాచనేల? ఇన్ని జాగ్రత్తలతో వాడినను మందు అందరికిని పారదు. టెర్బినాఫిన్‌ను పూర్తిగా వాడినవారిలో పదిమందికి ఇంచుమించు ఏడుగురిలో శిలీంధ్రము నశించును. అట్లు నశించినను, ఏండ్లతరబడి చెడిన గోరు కొందరిలో మునుపటి రూపమునకు రాదు. నయమైనవారిలో నలుగురైదుగురిలో ఒకరికి రోగము తిరుగబెట్టవచ్చును. వయోవృద్ధులలో, నొప్పియు చిక్కును లేనపుడు, గోటిని కత్తిరించుచు శుభ్రముగా నుంచుకొని, మందు లేకుండుటయు ఒక మార్గమే. దానిని వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెను.

కాని మధుమేహము గలవారు మాత్రము ఉపేక్షింపరాదు. వారి పాదములకు స్పర్శ తగ్గును. మొద్దుగోరు ప్రక్కవ్రేలిని ఒరసినను, బూటులో అదిమినను వారికి తెలియదు. చిన్నపుండు పెద్దదై కాలికే ముప్పు తెచ్చును. బోదకాలు గలవారికిని వ్రేళ్లసందుల పగుళ్లనుండి క్రిములు చొచ్చి జ్వరము, వాపు తరచు వచ్చును. వీరు పాదములను దినదినము పరీక్షించుకొనవలెను.

చేయరాని పనులు

కిరసనాయిలు, బ్యాటరీ ఆమ్లము, కాల్చిన ఇనుము గోటిపై ప్రయోగింపరాదు. ఇవి గోటిమూలమును కాల్చివేయును. శిలీంధ్రమును మాత్రము వదలివేయును. కొడవలితో, బ్లేడుతో గోటిని పెకలించుకొనిన చీము పట్టును. పసుపు, వేపనూనె, కానుగనూనె మనకు చిరపరిచితములు. పగిలిన చర్మమునకు నూనె మేలే. కాని గోటిలోపలి శిలీంధ్రమును ఇవి పోగొట్టునని నమ్మి ఏండ్లు గడుపరాదు.

అన్నిటికంటె పెద్దకీడు అంగళ్లలో చీటీ లేకుండ కొను మిశ్రమ లేపనములవలన కలుగుచున్నది. వీనిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడులుండును. పూసిన రెండుదినములలో దురద అణగును; ఎరుపు తగ్గును. మందు గొప్పదని రోగి మెచ్చుకొనును. కాని స్టెరాయిడు చర్మపు రోగనిరోధకశక్తిని అణచివేయుటచేత శిలీంధ్రము లోలోపల విజృంభించును. లేపనము ఆపినంతనే తామర రెండింతలై లేచును. చర్మము పలుచబడి చారలు పడును. 2018లో భారతప్రభుత్వము ఇట్టి స్టెరాయిడు లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమించినది. ఆ నియమము మన మేలుకొరకే.

విచ్చలవిడి మందులవాడుక తెచ్చిన మరియొక విపత్తు కలదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అను క్రొత్త శిలీంధ్రమునకు 2020లో నామకరణము జరిగినది. జపానులోని వైద్యులు భారత, నేపాల దేశీయులైన రోగులనుండి దానిని గుర్తించిరి. ముఖ్యముగా ఒంటితామరను కలిగించు ఈ శిలీంధ్రములలో పెక్కు టెర్బినాఫినుకు లొంగుట లేదు. నేడది పలుదేశములలో కనబడుచున్నది. మందును సగముసగముగా వాడిన శత్రువునకు సాము నేర్పినట్లగును.

ఇంటింట పాటింపవలసిన నియమములు

1. పొలమునుండి వచ్చినతోడనే కాళ్లు సబ్బుతో కడిగికొని, వ్రేళ్లసందులను పొడిగుడ్డతో తుడువవలెను. కడుగుటకంటె తుడుచుట ముఖ్యము.

2. వ్రేళ్లసందుల తామరను గోటికి ప్రాకకముందే అణచవలెను. క్లోట్రిమజోల్ వంటి లేపనమును వైద్యుడు చెప్పిన వారములు పూర్తిగా, దురద తగ్గిన పిదప గూడ కొంతకాలము పూయవలెను. బెంజాయిక్ ఆమ్లము, సాలిసిలిక్ ఆమ్లము కలిసిన విట్‌ఫీల్డు లేపనము పాతదైనను చవుకైన మంచిమందు.

3. కాఫీపండ్ల తొక్కతీయు చోటను, తడినేలలపైనను రబ్బరుబూట్లు తొడుగువారు పని ముగిసినంతనే వానిని విప్పి, తలక్రిందుగా ఎండలో ఆరబెట్టవలెను. నూలు మేజోళ్లను ప్రతిదినము మార్చి, వేడినీట ఉదికి ఎండవేయవలెను.

4. గోళ్లను తిన్నగా, పొట్టిగా తీసికొనవలెను. పిప్పిగోటిని తీసిన కత్తెరతో మంచిగోటిని తీయరాదు. వాడిన పరికరమును నీటిలో మరిగింపవలెను. ఒకరి కత్తెర మరియొకరు వాడరాదు.

5. ఆశ్రమపాఠశాలలలో విద్యార్థులు తువాలు, మేజోళ్లు, బూట్లు మార్చుకొనరాదు. స్నానపుగదులలో చెప్పులు వేసికొనవలెను. తడిసిన గుడ్డబూట్లతో దినమంతయు కూర్చుండనీయరాదు.

6. ఇంటిలో ఒకరికి తామర యున్నచో అందరును పరీక్ష చేయించుకొని ఒకేసారి మందు వాడవలెను. చికిత్స ముగిసిన పిదప పాతబూట్లను పారవేయుట మంచిది.

గోటిపై గీత

తిరిగి ఆ వృద్ధుని సంగతికి వత్తుము. ఆరోగ్య కార్యకర్తురాలు అతనిని మరునాడే ప్రభుత్వ వైద్యశాలకు తోడ్కొనిపోయినది. వైద్యుడు కాళ్లుచేతుల స్పర్శ పరీక్షించి పెద్దరోగము కాదని చెప్పెను. గోటిపొడిలో శిలీంధ్రము కనబడినది. రక్తపరీక్ష చేసి, మాత్రలు వ్రాసి, మంచిగోరు చెడుగోరు కలియుచోట ఆకురాతితో సన్నని గీత యొకటి గీచెను. “తాతా, నీవు గోటి కొనను చూడవద్దు, ఈ గీతను చూడుము. ఇది ముందుకు నడచుచున్నంతకాలము మందు పనిచేయుచున్నట్లే” అని చెప్పెనట.

ఎనిమిదవ వారమున అతనికి విసుగు పుట్టినది. మాత్రల పొట్లమును కార్యకర్తురాలి చేతిలో పెట్టి, గోరు ఎప్పటివలెనే యున్నదనెను. ఆమె వాదింపలేదు. రెండు చోడిగింజలు తెప్పించి, గోటిమొదటికిని గీతకును నడుమ ప్రక్కప్రక్కన పేర్చి చూపినది. వెనుక ఖాళీలేని చోట రెండుగింజలు పట్టినవి. అవి రెండును మంచిగోరు. వృద్ధుడు పొట్లము తిరిగి తీసికొనెను.

మరుసటి యేటి కాఫీకోతల కాలమున మేము అతని గ్రామమునకు పోయితిమి. బొటనవ్రేలిగోరు ఒక మూల కొంచెము మొద్దుగా నున్నను, తక్కినది తేటగా నుండెను. గీత యెప్పుడో కొనకు చేరి కత్తెరకు పోయినదని అతడు నవ్వుచు చెప్పెను. పళ్లెము మాట మేము అడుగలేదు. అడుగ నవసరము లేకపోయెను. కోడలు అందరకును ఒకే వరుసను అంబలి పోసినది. మనుమడు తాతకు ఆనుకొని కూర్చుండెను. పళ్లెము మాత్రము గోరు బాగుపడువరకు వేచియుండలేదట. వైద్యుని మాట విన్ననాటి సాయంకాలమే, కార్యకర్తురాలు ఆ యింటి అరుగుపై అతని ప్రక్కన కూర్చుండి అంబలి త్రాగిపోయినదట. ఆనాటినుండి ఇంటివారి భయము తీరినది.

పాఠకులారా! మీ గ్రామమున కాలివ్రేలికి పేలిక చుట్టుకొని తిరుగువారు ఎవరైన నుండవచ్చును. వారిని దూరముగా నుంచక, వైద్యునియొద్దకు పంపుడు. పరీక్ష చేయించుడు. మందు మొదలుపెట్టినచో తుదవరకు వాడింపుడు. చోడిపంట చేతికి వచ్చుటకు నాలుగునెలలు ఓర్చు మన రైతు, సొంత గోటికై ఒక సంవత్సరము ఓర్చలేడా?